చండీగఢ్ టేకు కుర్చీలను బాగుచేసే పద్ధతి: ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసేవారికి

చండీగఢ్‌లో భవనాలు గీసినవారే వాటిలో వేసే కుర్చీలను, బల్లలను, పుస్తకాల అలమరలను కూడా గీశారు. దేశ విభజనలో లాహోరు పాకిస్తాన్ వైపు పోయాక, తూర్పు పంజాబుకు రాజధాని కట్టే పనిని 1951లో ఫ్రాన్సులో స్థిరపడిన వాస్తుశిల్పి లె కార్బూజియే చేపట్టారు. ఆయన దాయాది పియర్ జన్నరే ఆ నగరంలోనే ఉండిపోయి 1965 వరకు నిర్మాణాన్ని నడిపించారు. జన్నరే పర్యవేక్షణలో, యూలీ చౌధురి వంటి భారతీయ వాస్తుశిల్పుల భాగస్వామ్యంతో రూపొందిన ఈ సామాను సచివాలయానికి, హైకోర్టుకు, శాసనసభకు, పంజాబ్ విశ్వవిద్యాలయానికి, కళాశాలలకు చేరింది. అక్కడి వడ్రంగులు చేతి పనిముట్లతోనే సులువుగా చేయగలిగేలా, టేకు, శీషం కర్రతోనూ పేముతోనూ, తక్కువ ఖర్చులో వీటిని తయారు చేయించారు. తలకిందులు చేసిన వి ఆకారంలో రెండు కాళ్లు పైన కలిసి చేతిపట్టీని మోసే కుర్చీ వీటిలో అందరికీ తెలిసినది.

కాలం గడిచేకొద్దీ పాడైన కుర్చీలను కార్యాలయాలు పనికిరానివిగా రాసి, డాబాల మీద, మెట్ల కింద పోగు పెట్టి, పాత సామాను కింద వేలం వేశాయి. వాటిని కొన్న వ్యాపారులు బాగుచేయించి విదేశీ వేలంశాలల్లో లక్షల రూపాయలకు అమ్మడం మొదలయ్యాకే ఇక్కడివారు మేలుకున్నారు. వీటిని అమ్మకూడదని, వేలం వేయకూడదని, దేశం దాటించకూడదని 2011లో కేంద్ర హోంశాఖ ఆదేశించింది. తరువాత చేసిన లెక్కింపులో 12,000కు పైగా వస్తువులు వారసత్వ జాబితాకెక్కాయి. అయితే 1972 నాటి పురావస్తువుల చట్టం సాధారణంగా వందేళ్లు నిండిన వస్తువులకే వర్తిస్తుంది కనుక, ఇంకా ఆ వయసుకు రాని ఈ కుర్చీలకు ఆ రక్షణ దక్కదు. అందుకే వీటిని కాపాడే భారం ఎక్కువగా ఆ గదుల్లో రోజూ కూర్చునే ఉద్యోగుల మీద, సామాను రిజిస్టరు రాసే గుమాస్తా మీద, మరమ్మతుకు పిలిపించే వడ్రంగి మీద పడుతోంది. ఈ వ్యాసం రాస్తున్నది వారి కోసమే. పాత జిల్లా కోర్టులోనో, గ్రంథాలయంలోనో ఆ భవనం కోసమే చేయించిన టేకు సామాను ఉన్న మన ఊళ్లవారికి కూడా ఇదే పద్ధతి పనికివస్తుంది.

మొదట తేల్చుకోవలసింది ఏమిటంటే, మనం కుర్చీని కొత్తగా కనిపించేలా చేయబోవడం లేదు. అది మళ్లీ మనిషి బరువు మోయాలి, దానిలోని పాత కర్ర వీలైనంతవరకు అలాగే ఉండాలి, ఈరోజు మనం చేర్చిన ప్రతి ముక్కనూ రేపు ఇంకొకరు పాత కర్రకు దెబ్బ తగలకుండా విప్పగలగాలి. ఈ మూడింటికీ పొత్తు కుదరని సందర్భాలు పనిలో అనేకం వస్తాయి. అప్పుడు మెరుపును వదులుకోవాలి గాని పాత కర్రను వదులుకోకూడదని నా నిశ్చితాభిప్రాయం.

చేయి వేయకముందు

కుర్చీ వారసత్వ జాబితాలో ఉందో లేదో రిజిస్టరులో చూసి, పై అధికారి నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. మరమ్మతు వీలైనంతవరకు భవనంలోనే ఒక గదిలో జరిగితే మంచిది. బయటి దుకాణానికి పంపవలసి వస్తే, వెళ్లిన కుర్చీయే తిరిగి వచ్చిందని చెప్పడానికి ఆధారం ఫొటోలే. ముందు, వెనుక, రెండు పక్కలు, పైన, అడుగున కొలబద్ద పక్కన పెట్టి ఫొటోలు తీయండి. కర్రలోని ముడులు, పగుళ్లు, రేఖల తీరు దగ్గరగా తీయండి, ఎందుకంటే రెండు టేకు పలకల రేఖలు ఎన్నడూ ఒకేలా ఉండవు, నకలు కుర్చీని పట్టించేది అవే.

చాలా కుర్చీల వెనుక పట్టీ మీద రంగుతో రాసిన అక్షరాలు, అంకెలు ఉంటాయి. అవి ఆ కుర్చీ ఏ శాఖదో, ఏ భవనానిదో, దాని వరుస సంఖ్య ఎంతో చెబుతాయి. కొన్నిచోట్ల ఒకదాని మీద ఒకటిగా రెండు మూడు సార్లు రాసిన సంఖ్యలు కనిపిస్తాయి, అంటే ఆ కుర్చీ చేతులు మారిందన్నమాట. పాలిష్ పట్టేవారు అన్నిటికన్నా ముందు గీకిపారేసేది ఈ రాతనే. ఏటవాలుగా టార్చి వేసి ఆ రాతను ఫొటో తీసి, దాని మీద పలుచని పాలిథీన్ కాగితం కప్పి, అంచులను రాతకు దూరంగా అతికించి, పని పూర్తయ్యేదాకా దాన్ని ముట్టుకోకండి. రాత మీద పడిన మురికిని కూడా మెత్తని పొడి కుంచెతోనే దులపాలి.

విప్పబోయే ప్రతి భాగానికీ నూలు దారంతో అట్టముక్క కట్టి, పెన్సిలుతో గుర్తు రాయండి. ఇంకు తడికి పారిపోతుంది, పెన్సిలు పారదు. ఎడమ కాలు, కుడి కాలు చూడడానికి ఒకటిగానే ఉన్నా చేత్తో చేసిన కుర్చీలో ఒకదాని గాడిలో రెండోది సరిగా కూర్చోదు.

పరీక్ష

సమతలమైన నేల మీద కుర్చీని నిలబెట్టి, చేతిపట్టీలను పట్టుకుని మెల్లగా ముందుకు, పక్కలకు ఊపండి. ఏ కీలు దగ్గర కదలిక ఉందో, ఏ కీలు దగ్గర కిర్రుమంటోందో విని రాసుకోండి. తరువాత కుర్చీని తిరగేయండి. అసలు కథ అడుగునే ఉంటుంది. మెరుగుపెట్టని ఆ భాగంలో చిత్రిక పట్టిన చారలు, రంపపు గీతలు, ఉలి దెబ్బలు కనిపిస్తాయి. వీటిని తుడిచేయాలన్న ఆలోచన కూడా రానివ్వకండి, చేతితో చేసిన కుర్చీ అనడానికి సాక్ష్యం అవే. మధ్యలో ఎవరో కొట్టిన మేకులు, బిగించిన ఇనుప పట్టీలు, పూసిన తెల్లజిగురు కూడా అక్కడే బయటపడతాయి.

కాళ్ల చివరలు ప్రత్యేకంగా చూడాలి. ప్రభుత్వ కార్యాలయాల్లో రోజూ నేల తడిగుడ్డతో తుడుస్తారు, ఆ తడి కాలి అడుగున తెరుచుకుని ఉన్న పోగుల్లోకి ఎక్కుతుంది. ఏళ్ల తరబడి అలా తడిసిన కాలు కింది రెండు మూడు అంగుళాలు నల్లబడి, సూది గుచ్చితే మెత్తగా దిగేంతగా కుళ్లిపోతుంది. పైనుంచి చూస్తే కుర్చీ నిక్షేపంలా ఉన్నా కొద్దిగా ఒక పక్కకు ఒరుగుతున్నదంటే కారణం ఎక్కువగా ఇదే.

టేకు చేవను పురుగు సామాన్యంగా ముట్టదు. కాని తక్కువ ఖర్చులో చేయించిన సామాను కనుక అక్కడక్కడా చేవ పక్కనున్న తెల్లచెక్క కూడా పడి ఉంటుంది, పుచ్చుపురుగు పట్టేది దానినే. సన్నని కంతలు కనిపిస్తే కుర్చీ కింద నల్లకాగితం పరచి కొన్ని వారాలు కదల్చకుండా ఉంచండి. కాగితం మీద పిండిలాంటి పొట్టు కొత్తగా రాలితే పురుగు బతికే ఉంది. అలాంటి కుర్చీని మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయాలి. గాలి చొరకుండా పాలిథీన్‌లో చుట్టి, మైనస్ 20 డిగ్రీలకు దిగగల శీతల గిడ్డంగిలో రెండు వారాలు ఉంచితే పురుగూ గుడ్లూ చస్తాయి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా చుట్టు విప్పకూడదు, విప్పితే చల్లని కర్ర మీద నీరు పడుతుంది. కిరోసిన్ పోయడం, కనిపించిన మందల్లా కొట్టడం వల్ల మెరుగు పొర చెడుతుంది, తరువాత ఆ కుర్చీలో కూర్చునేవారి ఒంటికి ఆ మందు అంటుతుంది.

పైపూత ఏదో తెలుసుకోవడానికి, సీటు చట్రం లోపలి వైపు కనిపించని చోట దూదికి స్పిరిట్ అద్ది మెల్లగా రుద్దండి. పూత జిగటగా కరిగి దూదికి అంటితే అది లక్క పాలిష్. స్పిరిట్‌కు కరగక థిన్నర్‌కు కరిగితే అది పిచికారీతో కొట్టిన లాకర్ పూత అయి ఉంటుంది. రెండింటికీ కరగకపోతే తరువాతి కాలంలో ఎవరో మెలమైన్ వంటి గట్టి పూత వేశారన్నమాట. ఈ మూడింటిలో ఏదో తెలియకుండా శుభ్రం చేయడం మొదలుపెట్టకూడదు.

శుభ్రం చేయడం

మెత్తని కుంచెతో దుమ్మును వదిలిస్తూ, వాక్యూమ్ గొట్టాన్ని కాస్త ఎడంగా పట్టి లాగండి. పేము కళ్లలో, కీళ్ల మూలల్లో పేరుకున్న దుమ్ము దీనితోనే చాలావరకు పోతుంది. ఆ తరువాత ఒక లీటరు నీటిలో ఘాటులేని సబ్బు రెండు చుక్కలు కలిపి, నూలుగుడ్డను ముంచి, నీరు కారకుండా గట్టిగా పిండి, జానెడు జానెడు మేర తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దండి. చేతిపట్టీల మీద అరచేతుల జిడ్డు, పాత మైనం కలిసి నల్లగా గట్టిపడి ఉంటే సబ్బునీటికి లొంగదు. దానికి మినరల్ టర్పెంటైన్ దూదికి అద్ది, దూదిని తరచూ మారుస్తూ తుడవాలి.

ఆ నలుపు అంతా పోవాలని పట్టుబట్టకండి. అరచేయి ఆనే చోట టేకు నునుపెక్కి, అంచులు గుండ్రబడి, లోపలి నుంచి మెరుపు వచ్చి ఉంటుంది. దశాబ్దాల పాటు మనుషులు వాడితే తప్ప ఆ నునుపు రాదు, ఏ పాలిష్‌తోనూ దాన్ని తెప్పించలేము. కాస్టిక్ సోడా తొట్టిలో ముంచడం, పాత పూతను మంటతో కాల్చడం, ఉప్పుకాగితంతో పైపొర మొత్తం లేపేయడం ఈ మూడూ నిషిద్ధం. సోడా కర్రను నల్లబరచి కీళ్ల జిగురును తినేస్తుంది. ఉప్పుకాగితం నునుపును, అంచులను, అంకెలను ఒక్క పూటలో మింగేస్తుంది.

ఇక్కడ కార్యాలయాల లెక్కల గురించి ఒక మాట చెప్పాలి. టెండరులో కుర్చీకి ఇంత అనో, చదరపు అడుగుకు ఇంత అనో పాలిష్ ధర రాసి ఇస్తే, ఆ డబ్బుకు పని గిట్టాలంటే వడ్రంగి యంత్రంతో రుద్ది పైన మెరుపు కొట్టక తప్పదు. ఆ తప్పు అతనిది కాదు. ముందుగా ఒక్క కుర్చీని నమూనాగా చేయించి, దాన్ని ఆమోదించి, దెబ్బతిన్న తీరును బట్టి కుర్చీలను తరగతులుగా విడదీసి, ఒక్కో తరగతికి పట్టే రోజులకు కూలి కట్టి ఇవ్వడం సరైన పద్ధతి. చేయకూడని పనుల జాబితా కూడా ఒప్పందంలోనే ఉండాలి. ఈ ఒక్క కాగితం సరిగా రాస్తే సగం కుర్చీలు బతుకుతాయని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కీళ్లు

ఒక కర్ర చివర చెక్కిన కుసిని రెండో కర్రలో తొలిచిన గాడిలోకి దింపి, కొన్నిచోట్ల అడ్డంగా చెక్క చీల కొట్టి ఈ కీళ్లను బిగించారు. కదలని కీలును విప్పకండి. వదులైన కీలును మాత్రమే, అది కూడా పక్క కీళ్ల మీద బలం పడకుండా విప్పాలి. పాత తరం జిగురు జంతువుల తోలు నుంచి తీసినది అయితే, సిరంజితో కొద్దిగా స్పిరిట్ లోపలికి ఎక్కిస్తే అది పెళుసుబారి విడిపోతుంది. గోరువెచ్చని నీటికి కూడా మెత్తబడుతుంది గాని, నీరు మెరుగు పొర మీద తెల్లమచ్చలు వేస్తుంది కనుక రెండోది జాగ్రత్తగా వాడాలి. అడ్డుచీల ఉంటే అదే కొలత కడ్డీతో సన్నని వైపు నుంచి తట్టి బయటికి తీయాలి. ఎవరో తరువాత కొట్టిన మేకు ఉంటే లాగకండి, రెండు కర్రల నడుమ సన్నని హాక్సా బ్లేడు పోనిచ్చి కోసి, ముక్కలను విడివిడిగా తీయండి.

విప్పిన కీలులో పాత జిగురును తడిగుడ్డతో మెత్తబరచి, వెదురుపుల్లతో గీకండి. ఉలితో గీకితే కర్ర కూడా లేచి కీలు మరింత వదులవుతుంది. కుసి అరిగి గాడిలో ఆడుతుంటే, ఆ ఖాళీని రంపపు పొట్టు కలిపిన జిగురుతోనో ఎపాక్సీతోనో నింపడం దేశమంతటా అలవాటు. అలా నింపిన కీలు మళ్లీ వదులైనప్పుడు విప్పడానికి రాదు, చివరికి కర్రే చీలుతుంది. దానికి బదులు అదే దిశలో పోగులున్న పలుచని టేకు పొరను కుసికి అతికించి, గాడిలో బిగువుగా కూర్చునేంతవరకు సన్నగా చిత్రిక పట్టండి. చేతి ఒత్తిడితో దిగాలి, సుత్తి అవసరం రాకూడదు.

అతకడానికి తోలు జిగురే శ్రేష్ఠం. రాత్రంతా నీటిలో నానబెట్టి, మరునాడు వేడినీటి గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి దాదాపు 60 డిగ్రీల వద్ద కరిగించాలి. మరిగిస్తే బలం పోతుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కనుక, కొత్తగా కోసిన ముఖాలను అతికే ముందు స్పిరిట్‌తో తుడిచి ఆరగానే జిగురు పూయండి. క్లాంపుల కింద మెత్తని చెక్కముక్కలు వేసి, ఐమూలలు కొలిచి, రెండు కొలతలూ సమానమయ్యాక బిగించి, 24 గంటలు కదల్చకండి.

కుళ్లిన కాలికి కొత్త చివర వేయవలసి వస్తే, గట్టి కర్ర ఎక్కడ మొదలవుతుందో అక్కడిదాకే కోయాలి. అడ్డంగా కాకుండా ఏటవాలుగా, కర్ర మందానికి ఆరు నుంచి ఎనిమిది రెట్ల పొడవున కోస్తే అతుకు బరువును మోస్తుంది. అతికే టేకు ఎండినదై ఉండాలి. తేమ మీటరుతో చూస్తే పాత కర్రకూ కొత్త కర్రకూ మధ్య రెండు శాతానికి మించి తేడా ఉండకూడదు, లేకపోతే వానలు వెళ్లి ఎండలు వచ్చేసరికి అతుకు నోరు తెరుస్తుంది. రేఖలు పాత కాలి రేఖలతో ఒకే వాలులో సాగాలి. రంగు కలపవలసి వస్తే కొత్త ముక్కకే వేయండి, పాతదానికి వేయకండి. అతుకు లోపలి ముఖం మీద సంవత్సరాన్ని రాసి ఉంచండి. ఒక కుర్చీని బాగుచేయడానికి రెండో పాత కుర్చీని విప్పి భాగాలు వాడుకోవడం మాత్రం చేయకండి. రెండూ తమ గుర్తింపును పోగొట్టుకుంటాయి.

మెరుగు

పాత లక్క పొర అక్కడక్కడా పోయి ఉంటే ఆ చోట్ల మాత్రమే స్పిరిట్‌లో కరిగించిన పలుచని లక్కను గుడ్డ ఉండతో అద్దుతూ నింపి, ఆరాక తేనెమైనం పలుచగా రుద్దితే చాలు. పాలియూరిథేన్, మెలమైన్ పూతలు గట్టివే, కాదనను. అయితే అవి ఒకసారి పట్టాక స్పిరిట్‌కు కరగవు, తీయాలంటే గీకక తప్పదు. లక్కకు ఉన్న బలహీనతలూ తెలుసుకోవాలి. వేడి టీ గ్లాసు పెడితే తెల్లని వలయం పడుతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్‌లో ఉండేది ఆల్కహాలే కనుక, అది ఆరకముందే చేతిపట్టీ పట్టుకుంటే లక్క కరిగి వేలిముద్రలు పడతాయి. ఈ కుర్చీలున్న గదుల్లో శానిటైజర్ సీసాను తలుపు దగ్గర పెట్టించడం చిన్న పనే అయినా ఎంతో మేలు చేస్తుంది. అవిసె నూనె వాడేవారు ఆ గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకూడదు. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీటిలో ముంచి ఉంచాలి, లేదా ఆరుబయట విడివిడిగా పరచి ఆరబెట్టాలి.

పేము

మెరుగు పని అంతా ముగిసి ఆరాకే పేముకు రావాలి. అల్లిక కొద్దిగా జారి ఉన్నంతమాత్రాన కోసేయకండి. పేము పైముఖం నిగనిగలాడుతూ నీటిని పీల్చదు, అడుగుముఖమే పీలుస్తుంది. గోరువెచ్చని నీటిలో పిండిన గుడ్డను అడుగు నుంచి అద్ది, నీడలో ఆరనిస్తే చాలా సీట్లు మళ్లీ బిగుస్తాయి. ఒకటి రెండు బద్దలే తెగితే, అదే దారిలో కొత్త బద్దను పోనిచ్చి అడుగున ముడివేయవచ్చు.

మొత్తం మార్చవలసి వస్తే, పాత అల్లికను నాలుగు అంచుల దగ్గర కోసి, పలకలా ఒక్కటిగా తీసి, కుర్చీ సంఖ్య రాసి భద్రపరచండి. కొత్త అల్లికకు అదే నమూనా. బద్ద వెడల్పును పాతదాని మీదే కొలవాలి. చట్రంలో కంతకూ కంతకూ మధ్య 16 మిల్లీమీటర్లు ఉంటే సుమారు 2.5 మిల్లీమీటర్ల బద్ద, 19 ఉంటే 3 మిల్లీమీటర్ల బద్ద సరిపోతుంది. బజారులో దొరికే యంత్రపు అల్లిక పలకను గాడి తొలిచి అతికించడం వేగంగా అయ్యే పనే, కాని దానికోసం పాత చట్రంలో గాడి కోయాలి. ఆ కోత పడితే కుర్చీ మళ్లీ తన రూపానికి రాదు.

బద్దలను పావుగంట నుంచి ఇరవై నిమిషాల దాకా గోరువెచ్చని నీటిలో నానబెట్టండి, ఎక్కువసేపు ఉంచితే రంగు మారుతుంది. నిగనిగలాడే ముఖం ఎప్పుడూ పైకే ఉండాలి. వెనుక పట్టీ నడిమి కంతలో మొదలుపెట్టి ముందుకు, వెనుకకు నిలువు వరుస వేయాలి. దాని మీద అడ్డవరుస పరచాలి. మూడోసారి మళ్లీ నిలువు, మొదటి వరుసకు కొంచెం కుడివైపున. నాలుగో వరుసతోనే అసలు అల్లిక మొదలవుతుంది. ఈ అడ్డబద్ద ప్రతి జతలో ఒక నిలువు బద్ద మీదుగా, రెండో దాని కిందుగా సాగాలి. ఇది పూర్తయ్యాక తడిపిన చెక్కపుల్లతో బద్దలను జతలుగా దగ్గరకు జరిపితే చదరపు కళ్లు తేలుతాయి. అయిదో వరుస ఐమూలగా, ఆరోది దానికి ఎదురుగా వెళ్లి ఆ చదరాలను ఎనిమిది మూలల కళ్లుగా మారుస్తాయి. చివర అంచు కంతలను కప్పుతూ వెడల్పాటి బద్దను పరచి, సన్నబద్దతో కుట్టాలి. ఐమూల బద్ద అల్లేటప్పుడు ఎక్కడైనా బిగుసుకుని కదలకపోతే, మీదా కిందా తప్పి అల్లారని గుర్తు. అక్కడే విప్పి సరిచేయండి.

మొదటి వరుసలను మరీ బిగించకూడదు. పేము ఆరుతూ తానే బిగుస్తుంది, ముందే లాగి కడితే బద్ద తెగుతుంది, లేదా పాత చట్రం కంతల మధ్య చీలుతుంది. పని ముగిశాక కనీసం రెండు రోజులు ఎవరినీ కూర్చోనివ్వకండి.

తిరిగి గదిలోకి

కుర్చీని తిరిగి పెట్టేటప్పుడు కాళ్ల అడుగున పలుచని ఫెల్టు ముక్కలు వేసి, కిటికీ ఎండ నేరుగా పడని చోట, ఏసీ గాలి తగలని చోట ఉంచండి. నేల తుడిచేవారికి ఈ కుర్చీలను చూపించి, పిండిన గుడ్డతోనే తుడవమని, కుర్చీని చేతిపట్టీలు పట్టి లాగకుండా సీటు చట్రం పట్టి ఎత్తమని చెప్పండి. పేము సీటు మీద నిలబడి ఫ్యాను తుడవడం వల్ల పాడైన కుర్చీలు లెక్కలేనన్ని ఉన్నాయి, కనుక ప్రతి అంతస్తులో ఒక స్టూలు తప్పక ఉండాలి. చేసిన పని, వాడిన జిగురు, పూత, మార్చిన ముక్కలు, తీసిన ఫొటోలు అన్నీ కుర్చీ సంఖ్య కింద రిజిస్టరుకెక్కించి, పాత పేము పలకను, తీసిన మేకులను సంచిలో వేసి అదే సంఖ్యతో భద్రపరచండి. వానాకాలం పోయాక ఒకసారి, ఎండలు ముదరకముందు ఒకసారి కీళ్లను ఊపి చూసి, అడుగు నుంచి పేమును తడిపి, చేతిపట్టీలకు పలుచగా మైనం పట్టించండి.